పదకొండింటి పడవ కాళ్ళు

రోజుకి నూరు జతల కాళ్ళు కడిగే మనిషికి మధ్యాహ్నం తిండి ఎలా సహిస్తుందో మీరే చెప్పండి! దియోలిందకి సహించేది కాదు. పిన్యావు ఊరి నది రేవులో పడవ దిగిన విదేశీ యాత్రికులు గుట్ట మీది ఫ్రాగోజా తోటకి వచ్చి, ద్రాక్ష తొక్కే రాతి తొట్టిలో దిగబోయే ముందు, ఒక్కొక్కరి కాళ్ళూ పైపుతో తడిపి, బ్రష్షుతో రుద్ది లోపలికి పంపడం ఆమె పని. కోతల కాలమంతా రోజుకి మూడు పడవలు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి చిన్న పీట మీద కూర్చుని, నడుం వంచి, లోకంలోని మురికంతా మడమల పగుళ్ళలోంచి తోడి పోసేది.

ఎన్ని రకాల కాళ్ళని! గోళ్ళకి ఎర్ర రంగేసుకుని వేళ్ళ సందుల్లో మట్టి పెట్టుకొచ్చేవి. పొద్దుటినుంచీ మేజోళ్ళలో నాని తెల్లగా ఉబ్బినవి. ఎండకి కమలకుండా పూసుకున్న క్రీము మోకాళ్ళ మీంచి జారేది, నీళ్ళు పోస్తే జిడ్డు కట్టి ఒక పట్టాన వదిలేది కాదు. “మా గాడిద డెక్కలు ఇంతకంటే నయం తల్లీ, పద లోపలికి,” అనేది దియోలింద నవ్వు ముఖంతో. వాళ్ళకి భాష తెలియదు కదా, ముసలమ్మ దీవిస్తోందనుకుని మురిసిపోయి ఫొటో తీసుకునేవాళ్ళు. ఆమె కాళ్ళు కడిగేదే గానీ ఆ నీళ్ళు నెత్తిన చల్లుకునే రకం కాదు.

ఇక ఆ తొట్టి సంగతి చెప్పాలి. అసలు వైన్ తయారయ్యే పెద్ద తొట్లు వెనక కొట్టంలో ఉంటాయి, అక్కడికి చుట్టాన్ని కూడా రానివ్వరు. ముందు గదిలో ఉన్నది అతిథుల తొట్టి. పిట్టలు పొడిచినవీ, బూజు పట్టినవీ, ఎవరూ కొననివీ దాంట్లో పోస్తారు. సోమవారం పోసిన పళ్ళని శనివారం దాకా ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా తొక్కుతూనే ఉంటారు. మూడో రోజుకి పుల్లటి కంపు, నాలుగో రోజుకి దాని మీద ఈగల తెర. అదంతా రేపు సీసాల్లోకి వెళుతుందనుకుని ఆ పిచ్చి మారాజులు కేరింతలు కొట్టేవాళ్ళు. శనివారం సాయంత్రం తొట్టి అడుగున ఉన్న చెక్క బిరడా లాగేస్తే, ఆ రొచ్చంతా కాలువ వెంట లోయలోకి పోయేది.

“రోత పనికి రోత జీతం,” అనేది దియోలింద. అయినా నాలుగేళ్ళుగా మానలేదు. మానకపోవడానికి కారణం ఆ గోడల మీద ఆమెకున్న మమకారం.

పన్నెండో ఏట కత్తెర పట్టుకుని ఇదే తోటలో కోతకి వచ్చింది. ఆడవాళ్ళు కొయ్యాలి, మగవాళ్ళు మొయ్యాలి, మగవాళ్ళే తొక్కాలి. ఆడది తొట్టిలో కాలు పెడితే వైన్ పులిసిపోతుందని ఆ రోజుల్లో అందరూ నమ్మేవాళ్ళు, దియోలింద కూడా నమ్మింది. ఆమె మొగుడు జెరోనిము తొట్టికి మేస్త్రీ. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, వరసగా నిలబడి, రెండు గంటల పాటు “ఎడమ! కుడి!” అని అతను అరుస్తుంటే, ఇరవైమంది ఒక్క కాలుగా తొక్కేవాళ్ళు. ఆ రెండు గంటలూ పాట లేదు, మాట లేదు. మోకాలు పైకి రావాలి, పాదం అడుగు రాతికి తగలాలి. అది అయ్యాక జెరోనిము “విడుదల!” అని కేక పెడితే, అప్పుడు అతనికి తమ్ముడి వరసయ్యే ఆబేల్ అకార్డియన్ అందుకునేవాడు, అప్పుడు గంతులు. దియోలింద బయట కిటికీ కింద మెట్టు మీద కూర్చుని ముప్ఫై ఏళ్ళు ఆ లెక్క విన్నది. జెరోనిము పోయి తొమ్మిదేళ్ళయినా ఆమె మెట్లెక్కితే మనసులో అదే లెక్క నడిచేది.

వాళ్ళకంటూ నదికి అవతల గుట్ట మీద మూడు మెట్ల చెలక ఉంది. జెరోనిము తాత నాటిన తీగలు. నల్లవీ, ఎర్రవీ, తెల్లవీ ఒకే వరసలో కలిసి ఉంటాయి. ఆ కాలంలో అలాగే నాటేవాళ్ళు. ఏటా ఆ పళ్ళు ఫ్రాగోజా తోటకే వచ్చేవి. అమ్మింది అమ్మిందే గానీ, దానికొక మర్యాద ఉంది: నవంబరులో కొత్త వైన్ రుచి చూసే సెయింట్ మార్టిన్ పండుగ రోజున, ఎవరి పళ్ళు ఏ తొట్టిలో పడ్డాయో ఆ తొట్టి వైన్‌లోంచే వాళ్ళింటికి ఒక కూజా పంపాలి. వేరే తొట్టిలోది పంపితే మొహం మీద ఉమ్మేసినట్టే లెక్క. ఆ కూజా వస్తేనే దియోలింద ఇంట్లో కాల్చుకు తినే చెస్ట్‌నట్ గింజలు కుంపటెక్కేవి.

ఈ ఏడు కూజా ఆఖరిది. మోకాళ్ళు ఇక ఆ మెట్లెక్కనంటున్నాయి. వచ్చే వసంతంలో మేనల్లుడు తీగలన్నీ పీకేసి బాదం మొక్కలు పెడతానన్నాడు. దియోలింద ఊఁ అంది. ఈ ఒక్క కోత మాత్రం తానే కోస్తానని, కూర్చుని లేస్తూ, తిట్టుకుంటూ, రెండు రోజుల్లో పద్దెనిమిది పెట్టెలు కోసింది. ఎండ తగలకుండా ప్రతి పెట్టె మీదా అంజూర ఆకులు పరిచింది. ఆ ఊళ్ళో అలా ఆకులు పరిచేది ఆమె ఒక్కతే, అత్తగారు నేర్పిన అలవాటు. గురువారం పొద్దున్నే మేనల్లుడి ట్రాక్టరు మీద పెట్టెలు తోటకి పంపి, తాను ఒంట్లో ఓపిక కూడదీసుకుని పీట దగ్గరికి వచ్చింది.

పదకొండింటి పడవ నలభై మందిని దింపింది. వాళ్ళని తోలుకొచ్చే పిల్ల మఫాల్ద, నోట్లో నాలుగు భాషలు తిరిగే గడుగ్గాయి, ముందే వచ్చి చెవిలో ఊదింది.

“అత్తా, ఇవాళ మంచిగా మాట్లాడు. నిన్న ఎవరో ముక్కు మూసుకుని వాసనొస్తోందని రాసి పడేశారట. ఇంజినీరు గారు మండిపడుతున్నారు.”

“వాసన నా నోట్లోంచి వస్తోందన్నారా?”

“తొట్టిలోంచి.”

“మరి నన్నంటావేం? తొట్టిని మంచిగా మాట్లాడమను.”

కాళ్ళు మొదలయ్యాయి. పదీ, ఇరవై, ముప్ఫై. చివర్లో ఒక భారీ మనిషి వచ్చాడు. గడప ఎక్కేసరికే ఆయాసపడుతున్నాడు. కుడి మడమకి బొబ్బ లేచిందేమో, గోధుమ రంగు ప్లాస్టరు అంటించుకున్నాడు. దాని అంచులు నల్లబడి, సగం ఊడి, నడిచినప్పుడల్లా టపటపలాడుతోంది. దియోలింద బ్రష్షుతో దాన్ని చూపించింది.

“మఫాల్దా, అది పీకెయ్యమని చెప్పు.”

మఫాల్ద చెప్పింది. ఆయన నవ్వి ఏదో అన్నాడు.

“పొద్దున్నే స్నానం చేశాడట అత్తా. కడగక్కర్లేదంటున్నాడు.”

“నేను అడిగింది స్నానం గురించి కాదే, ఆ దరిద్రం గురించి!”

ఆయన అప్పటికే పైపు మీంచి ఒక్క అంగ వేసి లోపలికి వెళ్ళిపోయాడు. దియోలింద పీట తన్నేసి లేచి, బ్రష్షు చేతిలో పట్టుకునే వెంటపడింది. ఎలాగైనా పట్టుకుని ఆ ప్లాస్టరు పీకాలన్న పంతం మీద ముందు గదిలోకి వెళ్ళి, తొట్టి అంచున ఆగిపోయింది.

కంపు లేదు. ఈగలు లేవు. తొట్టి నిండా నిగనిగలాడే తాజా పళ్ళు. నల్లవాటి మధ్య ఎర్రవి, ఎర్రవాటి మధ్య తెల్లవి. వాటి మీద అక్కడక్కడా నలిగిపోయి తేలుతున్న అంజూర ఆకులు. ఎవడో ఆకు తీసి నెత్తిన టోపీలా పెట్టుకుని ఫొటోకి పళ్ళికిలిస్తున్నాడు.

గోడ వారగా ఆబేల్ అకార్డియన్ మెళ్ళో వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి తల వంచుకున్నాడు.

“ఆబేలూ, ఇవి నావి.”

“అవును వదినా.”

“నీకు తెలుసా?”

“పెట్టెలు గుమ్మరిస్తుంటే చూశాను. చెప్పాను వదినా, ఇవి జెరోనిము తీగల పళ్ళు, వెనక తొట్లలోకి వెళ్ళాలి అన్నాను. వాయించడానికి జీతమిస్తున్నాం, మాట్లాడటానికి కాదు అన్నాడు ఇంజినీరు.”

ఇంజినీరు గొన్సాలు సరిగ్గా అప్పుడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో చలవ కళ్ళద్దాలు, చేతిలో ఫోను. తోట యజమానులు ఎక్కడో పట్నంలో ఉంటారు, ఇక్కడ అంతా ఇతని రాజ్యమే. మనిషి చెడ్డవాడనడానికి లేదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, ఇతను మర్యాదగా మాట్లాడతాడు, అదే అసలు బాధ.

“దియోలింద గారూ, మీరు బయట ఉండాలి కదా?”

“నా పళ్ళు ఇక్కడ ఎందుకున్నాయండీ?”

“ఓ, అవా! పాతవి కంపు కొడుతున్నాయని పొద్దున్నే పారబోయించాను. పడవ వచ్చే టైమయింది, గేటు దగ్గర మీ పెట్టెలు కనపడ్డాయి. రంగురంగులుగా ఎంత బాగున్నాయో! ఫొటోల్లో అదిరిపోతున్నాయి.”

“ఇవి వైన్‌కి పెట్టిన పళ్ళండీ.”

“కొన్నాను కదండీ. మీకు ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చాం కదా? కొన్నాక ఎందులో పోయాలన్నది మా ఇష్టం. పద్దెనిమిది పెట్టెలతో పెద్ద తొట్టికి ఒరిగేదేమీ లేదు, నిజం చెప్పాలంటే.”

అన్యాయం ఎక్కడుందని అడిగితే చూపించడానికి దియోలింద చేతిలో ఏమీ లేదు. అతని మాటలో అబద్ధం లేదు. కానీ అటు చూస్తే, ఆ ప్లాస్టరు మనిషి తొట్టి నడిమధ్యలో నిలబడి, జెరోనిము తాత నాటిన తీగల పళ్ళలో, ఈత కొలనులో కుక్కపిల్లలా తపతప కొడుతున్నాడు. ఒకామె పక్కామె మీద రసం చల్లుతోంది. తొక్కడం లేదు, ఒక్కరూ తొక్కడం లేదు. నలిపి పాడుచేస్తున్నారు.

“థూ!” అంది దియోలింద గట్టిగానే.

బయటికి వెళ్ళింది. అందరూ వెళ్ళిపోయిందనుకున్నారు. ఆమె పీట మీద కూర్చుని, బూట్లు విప్పి, నల్ల మేజోళ్ళు విప్పి, తన కాళ్ళు తానే కడుక్కుంది. వేళ్ళ సందులూ, మడమలూ, మోకాళ్ళ దాకా, నూరు జతలకి పెట్టిన శ్రద్ధంతా ఆ ఒక్క జతకి పెట్టింది. తర్వాత లంగా అంచులు ఎత్తి నడుం దగ్గర దోపుకుని లోపలికి వచ్చి, ఆబేల్ భుజం పట్టుకుని, తొట్టిలోకి దిగింది.

“వదినా, పులిసిపోతుంది!” అన్నాడు ఆబేల్, సగం వేళాకోళం, సగం భయం.

“పులవడానికి ఇంకేం మిగిలిందిరా? నువ్వు ఆ వాయించే పెట్టె మూసుకో. మఫాల్దా! అందరినీ వరసలో నిలబడమను. భుజాల మీద చేతులు వెయ్యమను. నవ్వితే పళ్ళు రాలగొడతానని చెప్పు.”

మఫాల్ద చివరి మాట వదిలేసి మిగతాది చెప్పింది. ఇదీ ఆటలో భాగమే అనుకున్న జనం చప్పట్లు కొట్టి వరస కట్టారు. దియోలింద ముందు నిలబడింది.

“ఎడమ!”

ముప్ఫై ఏళ్ళు కిటికీ కింద కూర్చుని విన్న లెక్క. రెండోసారి గొంతు గోడలకి తగిలింది.

“ఎడమ! కుడి! మోకాలు ఎత్తవోయ్ పొడుగోడా! కుడి! రాయి తగలాలి, రాయి! ఎడమ!”

పావుగంటకి మఫాల్ద అలవాటు ప్రకారం “విడుదల!” అంది. ఆబేల్ చెయ్యి అకార్డియన్ మీదికి వెళ్ళింది. “చెయ్యి తియ్యి!” అని దియోలింద అరిచిన అరుపుకి గోడ మీది బల్లి కూడా కదిలి ఉంటుంది. జనానికి అప్పుడు అర్థమైంది ఇది ఆట కాదని. ఒకరొకరే జారుకున్నారు. ప్లాస్టరు ఆయన అందరికంటే ముందు పోయాడు, గడప మీద మడమ చూసుకుని భుజాలెగరేసి. చివరికి ఒక సన్నటి ముసలావిడ మిగిలింది, ఏ దేశమో తెలియదు, ఒక్క మాట మాట్లాడకుండా సరిగ్గా మోకాలెత్తి తొక్కింది. పడవ మూడోసారి కూత పెట్టాక ఆవిడ కూడా దియోలింద చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

ఆబేల్ అకార్డియన్ దించి, ప్యాంటు మడిచి, వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నీ కాళ్ళు కడుక్కున్నావా?” అంది దియోలింద.

“కడుక్కున్నాను వదినా. జెరోనిము ఏనాడైనా కడుక్కున్నాడేంటి? దున్నపోతులా పొలంలోంచి వచ్చి నేరుగా దిగేవాడు.”

“ఆ మట్టి ఈ తీగలదేరా. నోరు మూసుకుని తొక్కు. కుడి!”

ఇద్దరూ కలిసి రెండు గంటలు పూర్తి చేశారు. అప్పటికి రసం చిక్కబడి, తొక్కలు పైకి తేలి, అడుగు రాయి నున్నగా పాదానికి తగులుతోంది. దియోలింద వంగి దోసిట్లోకి కాస్త తీసుకుని వాసన చూసింది. బాగుంది. ఇంత జరిగినా బాగుంది! దాన్ని ఇప్పుడే తోడి వెనక తొట్టిలో కలిపితే, నవంబరుకి కూజా వస్తుంది. అలుపంతా మరిచిపోయింది. ఇంజినీరుతో మంచిగా మాట్లాడదామనుకుంది, కావాలంటే క్షమించమని కూడా అడుగుదామనుకుంది.

ఇంజినీరు గుమ్మంలోనే ఉన్నాడు, ఫోను ఎత్తి పట్టుకుని. మొహం వెలిగిపోతోంది.

“దియోలింద గారూ, అద్భుతం! మొత్తం వీడియో తీశాను. పడవ వాళ్ళు కూడా ఫోన్ చేశారు, తర్వాతి గుంపుకి ఇదే కావాలట! రేపటి నుంచి రోజుకి మూడుసార్లు. పావుగంట చాలు, అంతసేపు అక్కర్లేదు. మీకు ఒక నల్ల తలగుడ్డ తెప్పిస్తాను.”

“ఈ రసాన్ని వెనక తొట్టిలోకి పంపండి బాబూ. సరిగ్గా తొక్కాం. మీ వాళ్ళని పిలిచి చూపించండి.”

“ఇదా? ఇది శనివారం దాకా వస్తుంది లెండి.”

“మరి సెయింట్ మార్టిన్ కూజా?”

“అదా మీ బెంగ?” ఇంజినీరు నిజంగానే తేలిక పడ్డాడు. “ఒకటి కాదు, రెండు పంపిస్తాను. పెద్ద తొట్టిలోది, ఇంకా మంచిది. ఎవరికి తెలుస్తుందండీ తేడా?”

దియోలింద తొట్టిలోంచి బయటికి వచ్చింది. నీలంగా మారిన కాళ్ళ మీద చెయ్యి రుద్దుకుంటుంటే, ఎడమ పిక్క మీద మెత్తగా ఏదో తగిలింది. అంజూర ఆకు ముక్కనుకుని పీకింది. ఆకు కాదు. గోధుమ రంగు ప్లాస్టరు, లోపలి దూది రసం పీల్చి ఉబ్బి ఉంది.

ఛీ, ఛీ! రెండు గంటలు దీన్ని ఒంటికంటించుకుని తొక్కింది! ఆబేల్ మొహం తిప్పుకున్నాడు. దియోలింద ఇంజినీరు చెయ్యి పట్టుకుని, అరచేయి తెరిచి, దాన్ని అందులో పెట్టి, వేళ్ళు ముడిచింది.

“తేడా ఎవరికి తెలుస్తుందన్నారు కదా. ఇదుగో, పట్టుకోండి.”

అతను చెయ్యి విదిలించుకుని పైపు దగ్గరికి పరుగెత్తాడు. ఈలోగా ఆమె తొట్టి ముందు కూలబడి, రెండు చేతులతో బిరడా పట్టుకుని లాగింది. మొదట రాలేదు. ఆబేల్ వచ్చి చెయ్యి వేశాడు. ఊడి వచ్చింది. రసమంతా బుస్సుమని కాలువలో పడి, గోడ కింద కన్నంలోంచి, గుట్ట మెట్ల మీదుగా కిందికి దిగింది. ఇంజినీరు అరుస్తున్నాడు, ఇది నాది, నేను కొన్నది అని. పొద్దున్నే వాళ్ళిచ్చిన పళ్ళ డబ్బు కవరు లంగా జేబులోంచి తీసి తొట్టి అంచు మీద పెట్టింది దియోలింద. “మూడింటి పడవ కాళ్ళు మీరే కడుక్కోండి,” అని చెప్పి, మేజోళ్ళు చేత్తో పట్టుకుని, అవే నీలం కాళ్ళతో ఊళ్ళోంచి నడిచి ఇంటికి వెళ్ళింది. చూసినవాళ్ళు ఏమిటని అడగలేదు. పిన్యావులో ఆ రంగు కాళ్ళు అందరికీ తెలిసినవే, ఆడదాని ఒంటి మీద చూడటమే కొత్త.

సెయింట్ మార్టిన్ రోజున సాయంత్రం ఆబేల్ వచ్చేసరికి ఆమె కుంపటి ముందు చెస్ట్‌నట్లకి గాట్లు పెడుతోంది. అతని చేతిలో కూజా లేదు, ఒక సీసా ఉంది, దానితో పాటు ఒక కాగితం.

“ఇంజినీరు పంపాడు వదినా. కొత్త సరుకట. నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలట. డబ్బు కూడా ఇస్తాడట.”

సీసా మీద బొమ్మ ఉంది. లంగా ఎగదోపుకుని, నోరు తెరిచి అరుస్తూ, తొట్టిలో దియోలింద. కింద ‘దియోలిందత్త స్వయంగా తొక్కిన వైన్’ అని బంగారు అక్షరాలు.

దియోలింద సీసాని దూరంగా పట్టుకుని చూసింది. తన తొడలు ఊరూరా దుకాణాల్లో నిలబడబోతున్నాయి. తొక్కినదేమో లోయలో ఇంకిపోయింది.

ఆబేల్ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు. “వదినా, పిక్క మీద ఇదేంటి?”

ఎడమ పిక్క మీద, రసం మరకల మధ్య, చిన్న గోధుమ రంగు మచ్చ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆబేల్‌కి నవ్వాగలేదు. దియోలింద నవ్వలేదు. కాగితం మడిచి కుంపట్లో పెట్టింది. సీసా అతని ముందుకి తోసింది.

ఆబేల్ మూత తీసి ఒక గుక్క తాగాడు. తప్పు చేసినవాడిలా అన్నాడు: “బాగానే ఉంది వదినా.”

“బాగానే ఉంటుందిరా. మనది కాదంతే.”

చెస్ట్‌నట్లు పేలడం మొదలుపెట్టాయి. ఆమె వాటిని గుడ్డలో పోసి, వేడివేడిగా రెండు ఒలిచి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని, వాటితో తింది.